పొద్దు గుంకేలోపు భవానీపూర్

మా అమ్మ గురించి గొప్పలు చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. ఆ సంగతి మొదటే ఒప్పేసుకుంటే నాకూ సుఖం, చదివేవాళ్ళకీ సుఖం. గర్వం పాపమని చిన్నప్పుడు సండేస్కూల్లో నేర్పారు. బుద్ధిగా నేర్చుకున్నాను కూడా. కన్నతల్లి విషయంలో మాత్రం ఆ పాఠం నాకు ఒంటబట్టలేదు. ఇందులో ఎవరి పేరూ రాయను. భయపడి కాదు. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మాది కలకత్తాకి నది ఇవతల, హౌరా వైపు సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్. నాన్న యార్డులో వ్యాగన్లు బాగుచేసే ఫిట్టరు. తాత కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయాం. బయట బెంగాలీ, యార్డులో హిందీ, ఇంట్లో తెలుగు. కాలేజీలో నేను కలకత్తా పిల్లని, గుమ్మం దాటి లోపలికొస్తే ఉత్తరాంధ్ర గుంటని.

అమ్మకి రెండే ఊళ్ళు. ఒకటి ఇక్కడ, రెండోది అక్కడ. 'అక్కడ' అంటే శ్రీకాకుళం అనుకునేరు, కాదు. గడ్డం కొంచెం పైకెత్తి "అక్కడ" అనేది. చనిపోయాక వెళ్ళే చోటు, ప్రభువు ముందు నిలబడే చోటు. పక్క వీధిలో ఉన్న బంధువుల ఇంటి గురించి మాట్లాడినట్టే దాని గురించి మాట్లాడేది. పొద్దున్నే పంపు దగ్గరికి వెళ్ళేముందు అంట్లన్నీ తోమి బోర్లించి, చాపలు చుట్టి, జడ వేసుకునేది. ఇంత పొద్దున్నే ఎవరొస్తారమ్మా అంటే, "పిలుపొస్తే ఏటి సేస్తావు? నన్ను సాగనంపడానికొచ్చినోళ్ళు నా ఎంగిలి గిన్నెలు కడగాలేటి?" అనేది.

గిన్నెల సంగతి సరే, మనుషుల సంగతి ఇంకా గట్టిగా చూసేది. ఏ కోపమైనా పొద్దు గుంకేలోపు తీరిపోవాలి. అది బైబిల్ వాక్యం చెప్పిన మాట, అమ్మకి రైల్వే రూలు కంటే పెద్దది. పంపు దగ్గర బీహారీ ఆవిడతో పొద్దున యుద్ధం జరిగితే, సాయంత్రం కొంగు నడుముకి దోపుకుని ఆవిడ గుమ్మంలో ప్రత్యక్షమయ్యేది. తప్పు ఆవిడదే అయినా సరే. నాతోనూ అంతే. ఐదు గంటలకి వచ్చి నా మంచం మీద కూర్చుని, "నీకూ నాకూ ఏటైనా ఉందేటే?" అని అడిగేది. ముఖం మాడ్చుకుని లేదంటే ఒప్పుకునేది కాదు. మా ఇంట్లో ఒక పూట సరిగ్గా అలగడానికి కూడా వీలుండేది కాదు. అప్పట్లో ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్ళు మండేది.

ఇక అమ్మ ప్రార్థన గురించి చెప్పాలి. మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత మందిరం లేదు. ఒక బెంగాలీ చర్చి వాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు తమ హాలు ఇచ్చేవారు. శనివారం సాయంత్రం అక్కడే స్త్రీల ప్రార్థన కూడిక. నాలుగో తరగతి దాటని మా అమ్మ అక్కడ మోకాళ్ళ మీద ఉండి నోరు విప్పితే, చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపేవారు. మాటలు ఎక్కడినుంచి వచ్చేవో గానీ, పేర్చినట్టు ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. ఖరగ్‌పూర్ నుంచి కూడా కబురొచ్చేది, అమ్మ చేత ప్రార్థన చేయించమని. అమ్మ గొంతు గొప్పదని అందరికీ తెలుసు. అమ్మకీ తెలుసు. చిక్కు అక్కడే వచ్చింది.

అమ్మకి ఒక ప్రాణస్నేహితురాలు ఉండేది. శ్రీకాకుళంలో మా ఊరి పక్క ఊరే. నేను పిన్ని అనేదాన్ని. ఆమె అమ్మని అప్పా అని పిలిచేది, మా వైపు అక్కని అలాగే పిలుస్తారు. వాళ్ళు నది అవతల, భవానీపూర్‌లో ఒక పాత ఇంటి కింది వాటాలో అద్దెకుండేవారు. ఆమె భర్త పోర్టులో గుమాస్తా, మా సంఘానికి కార్యదర్శి. ప్రతి ఆదివారం గంజిపెట్టిన తెల్లచొక్కా వేసుకుని ప్రకటనలు చదివేవారు. ఆ చొక్కా మడత నలగ్గా నేనెప్పుడూ చూడలేదు.

ఒక రోజు పిన్ని మా ఇంటికొచ్చి వంటగదిలో అమ్మ పక్కన కూర్చుని ఏడ్చింది. ఆయన తాగుతున్నారు. పట్టపగలు ఖిదిర్‌పూర్ వంతెన పక్కన ఫుట్‌పాత్ మీద పడిపోతే, ఆఫీసువాళ్ళు ఇద్దరు రిక్షాలో తెచ్చి దింపారు. "నీలోనే పెట్టుకో అప్పా" అని అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఇది నేను రాయవచ్చా అని మీరు అనుకోవచ్చు. రాయవచ్చు. ఆయనే తర్వాత తన నోటితో పదిమందిలో చెప్పారు. ఆ సంగతి దగ్గరికి వస్తాను.

ఆ శనివారం పిన్ని కూడికకి రాలేదు, జ్వరం. అమ్మ ప్రార్థనకి మోకరించింది. దేశం గురించి, సంఘం గురించి, రోగుల గురించి ప్రార్థించింది. తర్వాత గొంతు తగ్గించి, "తండ్రీ, తెల్లచొక్కాతో నీ మందిరంలో నిలబడే ఒక బిడ్డ, తాగి ఫుట్‌పాత్ మీద పడి ఉంటున్నాడు, అతన్ని లేవనెత్తు" అంది. పేరు చెప్పలేదు. చెప్పవలసిన అవసరమేముంది, మా సంఘంలో గంజిపెట్టిన తెల్లచొక్కా ఒక్కటే. అమ్మ ఏడుస్తోంది, అందరూ ఏడుస్తున్నారు. చివర్లో పన్నెండు నోళ్ళు ఆమేన్ అన్నాయి. అందులో నా నోరు ఒకటి. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. తప్పేదో జరిగిందని నాకు తట్టనే లేదు, పైగా కళ్ళు తుడుచుకుంటూ ఎంత బాగా ప్రార్థించిందో అనుకున్నాను.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇది హౌరా వంతెన దాటడానికి ఒక్క రోజు చాలింది. మర్నాడు ఆదివారం ఆయన ప్రకటనలు చదువుతుంటే వెనక బల్లల్లో మోచేతులతో పొడుచుకున్నారు. ఆ తర్వాతి వారం ఆయన రాలేదు. ఆపై ఇద్దరూ రాలేదు. అమ్మకి అర్థం కాలేదు. ఆ కుటుంబాన్ని మళ్ళీ మందిరానికి నడిపించమని ఇంకో రెండు శనివారాలు, ఇంకా గట్టిగా, ఇంకా ఏడుస్తూ ప్రార్థించింది. ఇప్పుడు తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, ఆ నవ్వుకి వెంటనే సిగ్గేస్తుంది.

అమ్మకి అసలు సంగతి తెలిసింది ఒక సోమవారం పొద్దున. చలికాలం. ఆ రోజు బంద్. ఎవరు పిలుపిచ్చిన బందో గుర్తులేదు. ఆ రోజుల్లో రాజ్యం చేసేవాళ్ళూ బంద్‌కి పిలుపిచ్చేవారు, వాళ్ళని తిట్టేవాళ్ళూ ఇచ్చేవారు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా చక్రం తిరగదు. పంపు దగ్గర మా సంఘం ఆవిడే ఒకామె బిందె కింద పెట్టి అమ్మతో అంది.

"నీకు తెలీదేటి అక్కా? ఆ భవానీపూరోళ్ళు రేపు మెయిలు బండిలో ఎల్లిపోతన్నారు. పోర్టు ఉద్యోగం మానీసి ఊరికే పోతన్నారు. ఇంక రారంట."

"ఎందుకల?"

ఆమె కాసేపు నీళ్ళ వైపు చూసి, "నీ ప్రార్థన అయ్యాక ఆ మనిషి ముఖం ఎత్తుకోలేకపోయాడు అక్కా" అంది.

అమ్మ సగం నిండిన బిందె అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది. అమ్మ నీళ్ళు వదిలేసి రావడం నేను చూడటం అదే మొదలు. నాన్న యార్డుకి నడిచి వెళ్ళడానికి చెప్పులేసుకుంటున్నారు. విషయం విని, "రేపు మధ్యాహ్నం హౌరా స్టేషనుకి నేను తీసుకెల్తాను. ప్లాట్‌ఫారం మీద కలిసి మాటాడొచ్చు. ఈరోజు లోకలు బండి కూడా నడవదు" అన్నారు.

"ప్లాట్‌ఫారం మీద నలుగురూ ఉంటారు. అది 'పర్వానేదులే అప్పా' అంటాది. అది క్షమించడం కాదు, మొహమాటం" అంది అమ్మ. "నాకు తెలిసింది ఈరోజు. ఈరోజు పొద్దు గుంకేలోపే ఎల్లాలి. రేపు నాదని నీకెవరు సెప్పారు?"

నాన్న నా వైపు చూశారు. ఆ చూపుకి అర్థం ఏమిటో నాకు తెలుసు. అమ్మని ఒంటరిగా పంపలేం, నువ్వు వెళ్ళు అని. సంత్రాగాఛి నుంచి భవానీపూర్ దాకా నడకా? పరీక్షలు దగ్గర పడుతున్నాయి, నాకు పని ఉందన్నాను. ఎవరూ వినలేదు.

పదకొండింటికి బయలుదేరాం. చేతిలో ఏమీ లేదు. పిన్నికి ఇష్టమని కొబ్బరి లౌజు డబ్బా ఒకటి అల్మారాలో ఉంది, తీసుకెళ్దామా అన్నాను. "వట్టి సేతులతోనే ఎల్లాలి. సేతిలో ఏదైనా ఉంటే అది లంచమైపోద్ది" అంది.

రామరాజాతలా దాటేసరికే నా పిక్కలు లాగేస్తున్నాయి. దుకాణాలన్నీ షట్టర్లు దించి ఉన్నాయి, టీ చుక్క దొరికే దారి లేదు. హౌరా మైదాన్ దగ్గర రోడ్డుకి అడ్డంగా బల్ల వేసి, ఎర్రజెండాలు కట్టి, పార్టీ కుర్రాళ్ళు క్యారమ్స్ ఆడుకుంటున్నారు. ఒకతను లేచి వచ్చాడు.

"మాషీమా, ఆజ్ బంధ్. కోథాయ్ జాచ్ఛేన్?"

ఎక్కడికి వెళ్తున్నారు పెద్దమ్మా అని అడిగితే ఏదో ఒకటి చెప్పవచ్చు. ఆసుపత్రికంటే ఎవరూ ఆపరు. నేను ఆ మాట అనబోతుంటే అమ్మ తన శ్రీకాకుళం బెంగాలీలో, క్షమాపణ అడగడానికి వెళ్తున్నానని చెప్పేసింది. చెల్లెలి దగ్గర తప్పు చేశానంది. ఆరు తర్వాత బస్సులొస్తాయి కదా మాషీమా, అప్పుడు వెళ్ళండి అన్నాడతను. ఆరుకి పొద్దు గుంకిపోతుంది బాబూ అంది అమ్మ. అతనికి ఏమి అర్థమయిందో తెలియదు. పక్కనుంచి మేం నడిచిపోవడానికి దారి ఉంది. అయినా అతను వంగి బల్ల పక్కకి జరిపాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

హౌరా వంతెనని నేను అంత ఖాళీగా ఎప్పుడూ చూడలేదు. ట్రాములు లేవు, లారీలు లేవు. కింద నదిలో ఒక్క లాంచీ కూడా లేదు. నడిరోడ్డు మీద ఎవరో క్రికెట్ ఆడుతున్నారు. అక్కడ ఇంక ఉండబట్టలేక అమ్మ మీద విరుచుకుపడ్డాను.

"అసలు నువ్వేం తప్పు చేశావు? వాళ్ళ మంచి కోసమే ప్రార్థన చేశావు కదా. తిట్టావా, కొట్టావా?"

అమ్మ నడక ఆపలేదు. "తిట్టినా బాగుండును గుంటా. తిడితే అదీ తిరిగి తిడతాది, ఇద్దరం సమానమైపోతాం. ప్రార్థన సేస్తే అదేటి తిరిగిస్తాది?"

కొంత దూరం పోయాక అమ్మే మళ్ళీ అంది, నాకు కాదు, ఎదురుగా ఉన్న గాలికి చెప్పినట్టు.

"ఆ మాట అంటన్నప్పుడు నా గొంతు బాగుందని నాకు తెలిసింది. అందరూ ఏడుస్తున్నారని తెలిసింది. తెలిసే ఇంకా లాగాను. అక్కడ అడుగుతారు, ఎవరికోసం ప్రార్థన సేసావని. ఏటి సెప్పను?"

నాకు తెలిసిన క్రైస్తవుల్లో ఆ మాట అనగలిగినవాళ్ళని మళ్ళీ చూడలేదు. వేదికలెక్కి మాట్లాడినవాళ్ళని చాలామందిని విన్నాను. అప్పటికి మాత్రం నాకు గొప్పగా ఏమీ అనిపించలేదు. కాళ్ళు నొప్పి పుడుతున్నాయి, ఆకలేస్తోంది. బాబూఘాట్ దగ్గర ఒక ముసలామె గోనె పరుచుకుని ముర్రీ అమ్ముతుంటే, ఆ మరమరాల పొట్లం ఒకటి కొని చెరి సగం తిన్నాం. మైదానం దాటి, చౌరంగీ వెంట, తాళాలేసిన మెట్రో గేట్ల ముందు నుంచి నడిచాం. అమ్మ మధ్యమధ్య తలెత్తి సూర్యుడి వంక చూస్తోంది. చేతికి గడియారం కట్టే అలవాటు ఆమెకి లేదు.

భవానీపూర్ సందులోకి తిరిగేసరికి ఎండ మేడల పై అంతస్తులకి ఎక్కేసింది. పిన్ని వాళ్ళ తలుపు తీసే ఉంది. ముందుగది నిండా గోనెసంచులూ, తాళ్ళు కట్టిన ట్రంకు పెట్టెలూ. పిన్ని గుమ్మంలోకి వచ్చింది. మమ్మల్ని చూసి లోపలికి రమ్మనలేదు. లోపలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆయన అందులో ఉన్నారని నాకు అర్థమయింది, ఎందుకంటే ఆ తెల్లచొక్కా బయట తీగ మీద ఆరుతోంది.

"ఎలగొచ్చావు అప్పా? బండ్లు నేవు కదా."

"నడిసొచ్చాను. సెల్లీ, నేను తప్పు సేసాను. నువ్వు నా కడుపులో పెట్టిన మాట పదిమందిలో పారబోసాను. నన్ను క్షమించు."

ప్రార్థనలో అన్నాననీ, మంచికే అన్నాననీ, పేరు చెప్పలేదనీ అమ్మ ఒక్క మాట కూడా కలపలేదు. దారి పొడుగునా అవన్నీ నేను ఆమెకి అందించాను. ఒక్కటీ వాడుకోలేదు.

పిన్ని లోపలి గది తలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత మెల్లగా అంది.

"నేను నీకు సెప్పినప్పుడు దేవుడికి సెప్పనేదనుకున్నావేటి అప్పా? ఆయనకి ముందే సెప్పుకున్నాను. నీకు సెప్పింది ఆయనకి అందించమని కాదు. నువ్వు వింటావని."

అమ్మ తల దించుకుంది. నిలబడే ఉంది. ఆ తల అలా దిగడం నేను చూడలేకపోయాను.

"క్షమించానంటాను" అంది పిన్ని. "అనాలి కాబట్టి అనేది కాదు, నిజంగానే అంటన్నాను. నడిసొచ్చావు. కానీ ఆ మాట ఎనక్కొస్తాదేటి? రేపు ఊళ్ళో దిగితే మా కంటే ముందే దిగుంటాది."

ఎదురు మేడ పిట్టగోడ మీద ఇంకా కాస్త ఎండ ఉంది. అమ్మ దాని వంక చూసింది. బైబిల్ వద్దంది కాబట్టి మావాళ్ళు ఒట్టు పెట్టుకోరు. అవునంటే అవును, కాదంటే కాదు. అంతే.

"ఆ మాటని ఎనక్కి తేలేను. ఈ నోటిని ఆపగలను. నువ్వు మళ్ళీ సెయ్యమనేదాకా నలుగురిలో నేను ప్రార్థన సెయ్యను సెల్లీ."

"నేనది అడగనేదు అప్పా."

"అడగనేదు. నేనే ఇస్తన్నాను."

పిన్ని కళ్ళల్లో నీళ్ళు అప్పుడొచ్చాయి. పక్కకి తప్పుకుని, రండి అంది. గడ్డిలో చుట్టి పెట్టేసిన కప్పులు మళ్ళీ విప్పి టీ ఇచ్చింది. ఇద్దరూ ట్రంకు పెట్టె మీద పక్కపక్కన కూర్చుని తాగారు. ఏం మాట్లాడుకున్నారో గుర్తులేదు. ఊళ్ళో ఎవరి కూతురికో పెళ్ళి కుదిరిందన్నట్టు గుర్తు. లోపలి గది తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఆరు దాటాక బస్సు దొరికింది, ఇంటికొచ్చాం. మర్నాడు వాళ్ళు మెయిలెక్కి వెళ్ళిపోయారు.

తర్వాతి శనివారం కూడికలో అలవాటు ప్రకారం, "అక్క ప్రార్థనలో నడిపిస్తారు" అన్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఎంతసేపటికీ శబ్దం లేదు. "ఇంకెవరైనా సెయ్యండమ్మా" అంది అమ్మ. ఒంట్లో బాగోలేదనుకున్నారు. ఆ పై వారం కూడా అదే. ఆ పై నెల కూడా అదే.

ఇక చూడండి మనవాళ్ళ నోళ్ళు. గర్వం పెరిగింది, బతిమాలించుకుంటోంది అన్నారు కొందరు. లోపల ఏదో పాపం ఉంది, అందుకే నోరు పెగలడం లేదన్నారు ఇంకొందరు. విశ్వాసంలో చల్లారిపోయిందని ఒకావిడ మా గుమ్మంలోనే నిలబడి చెప్పి పోయింది. పాస్టరుగారు ఇంటికొచ్చి విషయమేమిటని నెమ్మదిగా అడిగారు. "నాకు సేతకాదండి" అంది అమ్మ. ఆయన వెళ్ళాక నేను ఊరుకోలేకపోయాను.

"నువ్వు భవానీపూర్ దాకా నడిచావని చెప్పనా? ఒక్కసారి చెప్తే అందరి నోళ్ళూ మూతపడతాయి."

"ఎందుకు నడిసావంటే ఏటి సెప్తావు? మళ్ళీ అదే మాట సెప్పాలి కదా. నువ్వు నోరిప్పితే నేను నడిసిందంతా దండగ" అంది.

పదహారేళ్ళు. ఒక శనివారం కాదు, రెండు కాదు. తన చేతిలో ఉన్న ఒకే ఒక్క గొప్ప వస్తువుని పక్కన పెట్టి, కారణం చెప్పకుండా, అందరి మాటలూ పడుతూ పదహారేళ్ళు వెనక చాప మీద కూర్చుంది. ఒక్క కూడికా మానలేదు. కారణం నా నాలుక చివరనే ఉండేది. దాన్ని కొరుక్కుని నేనూ కూర్చున్నాను. అమ్మ ఎదురుగా ఆమెకి సాటిరాని గొంతులు పొగడ్తలు అందుకుంటుంటే నా కడుపు రగిలిపోయేది. అమ్మకి ఏమీ అయ్యేది కాదు. లేదా అయ్యేదేమో, నాకు చెప్పేది కాదు.

ఇందులో ఒక వింత జరిగింది. నోరు కట్టేసుకున్నాక అమ్మ చెవులకి గిరాకీ పెరిగింది. ఈమె దగ్గర మాట పెడితే బావిలో రాయి వేసినట్టే అని క్వార్టర్స్ ఆడవాళ్ళకి ఎలాగో తెలిసిపోయింది. మా సంఘంవాళ్ళే కాదు, బీహారీ ఆవిడ, మేం బౌది, అంటే వదినా, అని పిలిచే కింది వాటా బెంగాలీ ఆవిడ, అందరూ మధ్యాహ్నం పూట మా వంటగదిలోకి వచ్చి పీట వేసుకునేవారు. అమ్మ కూర తరుగుతూ వినేది. వాళ్ళు వెళ్ళాక తరగడం ఆపి, కత్తిపీట పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని కాసేపు కూర్చునేది. పెదవులు కదిలేవి కావు. సాయంత్రం ఐదింటికి మాత్రం నా దగ్గరికి మామూలుగానే వచ్చేది, నీకూ నాకూ ఏటైనా ఉందేటే అని. నాకు పెళ్ళయి, ఉద్యోగమొచ్చి, వేరే కాపురం పెట్టాక ఫోన్లో అడిగేది.

నాన్న రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి, సంత్రాగాఛిలోనే చెరువు అవతల రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. గృహప్రతిష్ఠ కూడికకి సంఘమంతా వచ్చింది. పిన్నికి ఉత్తరం రాసి అమ్మ పిలిపించింది. వాళ్ళిద్దరూ బండెక్కి వచ్చారు. పిన్ని లావయింది. ఆయన జుట్టు తెల్లబడింది. చొక్కా మాత్రం అదే తెలుపు, అదే గంజి.

పాటలయ్యాక, దేవుడు తమ బతుకులో చేసిన మేలు గురించి సాక్ష్యాలు ఎవరైనా చెప్తారా అని పాస్టరుగారు అడిగారు. పిన్ని భర్త లేచి నిలబడ్డారు. నా పక్కన కూర్చున్న పిన్ని ఒళ్ళో చేతులు ముడుచుకుంది.

"ఈ ఊళ్ళో నేను తాగుబోతుని" అని మొదలుపెట్టారాయన. "ఖిదిర్‌పూర్ వంతెన దగ్గర ఫుట్‌పాత్ మీద పడిపోయాను. ఆ సంగతి ఈ తల్లి ప్రార్థనలో చెప్పేశారు. నాకు పట్టరాని కోపం వచ్చింది. అందుకే ఊరు వదిలాను. కానీ ఎల్లే ముందు రోజు, బంద్ నాడు, ఆవిడ ఇక్కడినుంచి నడిచి మా గుమ్మానికొచ్చారు. నేను లోపలి గదిలో ఉన్నాను. అంతా విన్నాను. ఆవిడ తన నోరు మాకిచ్చేసి ఎల్లిపోయారు. ఆరోజే మానేశానంటే అబద్ధం. ఇంకో రెండేళ్ళు తాగాను. తాగినప్పుడల్లా ఆ మాట వినబడేది. ఒక మనిషి నా పరువు కోసం తన గొంతే వదులుకుంటే, నేను గ్లాసు వదలలేనా అనిపించి మానాను. ఇన్నేళ్ళు ఆవిడ మీ అందరిచేతా మాటలు పడ్డారని నిన్ననే తెలిసింది. అందుకని లేచాను."

చల్లారిపోయిందని మా గుమ్మంలో చెప్పి పోయినావిడ మూడో వరుసలో ఉంది. ఆవిడ ముఖం వంక తిరిగి మరీ చూశాను. అది క్రైస్తవురాలు చేయవలసిన పని కాదు. ఆ రోజు చేశాను, ఇప్పుడడిగినా మళ్ళీ చేస్తానంటాను.

పాస్టరుగారు గొంతు సవరించుకుని, ఎవరైనా ప్రార్థనలో నడిపించండి అన్నారు. పిన్ని ముందుకి వంగి, "అప్పా, నువ్వు సెయ్యి" అంది.

"నేను మాటలు మర్చిపోయాను సెల్లీ."

"వొచ్చినవే సెయ్యి."

అమ్మ మోకరించింది. అందరం మోకరించాం. ఎంతోసేపు ఏమీ లేదు. తర్వాత ఒక బొంగురు గొంతు వచ్చింది. నాకు తెలిసిన గొంతు కాదు. మాటలు కూడా లేవు, ఒట్టి పేర్లు. మొదట పాస్టరుగారి పేరు. "నీకు తెలుసు తండ్రీ" అంది. తర్వాత మూడో వరుస ఆవిడ పేరు. "నీకు తెలుసు." బీహారీ ఆవిడ పేరు, బౌది పేరు. ఎప్పుడో చనిపోయినవాళ్ళ పిల్లల పేర్లు. ఒక్కో పేరు, ఆగడం, నీకు తెలుసు. అంతే. పదహారేళ్ళుగా వంటగదిలో విన్నవన్నీ ఆమెలో ఉన్నాయి, ఒక్కటీ బయటికి రాలేదు. ఎవరి పేరు వస్తే వాళ్ళ దగ్గర చిన్న ఏడుపు వినబడేది. పక్కవాళ్ళకి ఎందుకో తెలిసేది కాదు.

వరుస నా వైపు వస్తోందని ఉన్నట్టుండి తట్టింది. నెల రోజుల కిందట అమ్మకి ఒక సంగతి చెప్పుకున్నాను. నా భర్తకి తెలియదు, నాన్నకి తెలియదు. అదేమిటో ఇక్కడ కూడా రాయను. ఆమె ఎంత దాచే మనిషో లోకంలో నాకంటే బాగా ఎరిగినవాళ్ళు లేరు. అయినా నా సంగతి తెలిసిన నోరు నలభైమందిలో తెరుచుకుని ఉంది, అందులోకి నా పేరు రాబోతోంది. అరచేతులు చల్లబడిపోయాయి. పదహారేళ్ళ కిందట ఆ శనివారం పిన్ని కూడికలో లేదు, జ్వరంతో ఇంట్లో ఉంది. తన మాట పదిమందిలో పడిందని విన్నప్పుడు ఆమెకి ఎలా ఉండి ఉంటుందో, పన్నెండో ఆమేన్ అన్న నాకు అప్పుడు తెలిసింది.

అమ్మ నా పేరు అంది. ఆగింది. మిగతావాళ్ళ దగ్గర ఆగినంతే ఆగింది, ఒక్క క్షణం కూడా ఎక్కువ కాదు. "నీకు తెలుసు తండ్రీ" అని, తర్వాత పేరుకి వెళ్ళిపోయింది.

చివర్లో ఆమేన్ అందామని నోరు తెరిచాను, గొంతు రాలేదు. పిన్ని నా చల్లటి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఏమిటని అడగలేదు. నా ఆమేన్ కూడా తనే అంది.